సరంగు సూరన్న మీద నేను వేసిన నింద

మా పడవను ముంచింది నేను. ఈ ఒక్క ముక్క ఎవరికీ చెప్పలేక ఇన్నేళ్లు మోశాను. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నానేమో.

తాతగారు టేకుతో కట్టించిన తెరచాప పడవ అది. గోదావరి కాలువ మీద కాకినాడకు ధాన్యం తీసుకెళ్లి, ఉప్పుతో తిరిగొచ్చేది. గాలి లేనప్పుడు మనుషులు గట్టు మీద నడుస్తూ తాడుతో లాగేవారు. నడిపేది సరంగు సూరన్న. ఆ పడవ సంగతి మా నాన్నగారి కంటే అతనికే ఎక్కువ తెలుసు.

అరవైల్లో లారీలొచ్చి సరుకు తగ్గింది. అప్పుడు నాకు ఇరవై ఏళ్లు. ఒకరోజు పంతం పట్టి చుక్కాని తీసుకున్నాను. కాలువకు అడ్డంగా గోడలు, తలుపులు కట్టిన లాకు దగ్గరపడుతోంది, తెరచాప దించేద్దామన్నాడు సూరన్న. వద్దన్నాను. ఎందుకు వద్దన్నాను? గట్టు మీది జనం ముందు గొప్ప కోసం. అంతే. పడవ లాకు గోడకు గుద్దుకుంది. పలకలు విడిపోయి, ధాన్యంతో సహా మునిగింది.

నాన్నగారు అడిగితే, చుక్కాని సూరన్న చేతిలో ఉందన్నాను. అతను నావైపు ఒక్కసారి చూశాడు. కాదనలేదు. పనిలోంచి తీసేశారు. పడవ ముంచాడన్న పేరొచ్చినవాణ్ణి ఇంకెవరు పెట్టుకుంటారు? బయటికి లాగిన పడవను నాన్నగారు కలప కింద అమ్మేశారు.

తరవాత నాకు పటాన్‌చెరు దగ్గర ఫ్యాక్టరీలో ఉద్యోగం వచ్చింది. డెబ్భైల్లో ఒక మధ్యాహ్నం వాచ్‌మన్ గేటు దగ్గరికి పిలిచాడు. అక్కడ సూరన్న. బాగా చిక్కిపోయాడు.

"ఈయన మీకెరుకేనా సార్? మీరొక్క మాట చెప్తే కూలి పనిల పెట్టుకుంటరంట."

నా పక్కన మా సెక్షన్ వాళ్లున్నారు. అవునంటే ఆ పడవ కథ బయటపడుతుందేమోనని, ఇన్నాళ్లూ పెద్దమనిషిలా తిరిగిన నా ముఖం వీళ్లకు ఎలా చూపించాలోనని భయం పట్టుకుంది.

"లేదు. ఎప్పుడూ చూడలేదు."

సూరన్న చేతులు జోడించాడు. "పొరపాటు పడ్డానండి. మా బాబుగారు వేరండి."

సంచి భుజానికెత్తుకుని రోడ్డు వైపు నడిచాడు. ఒక్క కేక వేస్తే ఆగేవాడు. వేయలేదు.

రెండేళ్లకు ఊరెళ్లి వాకబు చేస్తే, పోయాడన్నారు. క్షమించమని అడగడానికి మనిషి లేడు. మీరు క్షమించాలనీ రాయడం లేదు. అతను ఏ తప్పూ చేయలేదని ఒక్కరికైనా తెలియాలి. రాశాక కాస్త ఊపిరాడుతోంది. అందుకు కూడా సిగ్గుగానే ఉంది.