మూకుడు మీద విచారణ

ఆ రోజుల్లో నాకొక గట్టి నమ్మకం ఉండేది, పురాణాల గురించి మనకెవరూ నేర్పక్కర్లేదని. మిషిగన్‌లో ఎమ్మెస్ చేస్తూ, మార్కులు దిగజారి, అసిస్టెంట్‌షిప్ ఊడే స్థితికి వచ్చిన నన్ను చూసి "గ్రీకు పురాణాలు తీసుకోరా, ఈజీ ఏ" అన్నాడు మా రూమ్‌లోని సీనియర్ అన్న. (ఆయన ఆ క్లాసు గడప కూడా తొక్కలేదని తర్వాత తెలిసింది.) అందులో ఏ గ్రేడు రాకపోతే అసిస్టెంట్‌షిప్ లేదు, అది లేకపోతే చదువు లేదు, సూట్‌కేసు సర్దుకోవడమే.

నా వంతుకు వచ్చిన ప్రసంగం ఏథెన్స్ వాళ్ల ఎద్దు బలి. పూర్వం ఒక ఎద్దు దేవుడి నైవేద్యం తినేస్తే, ఒకతను కోపం పట్టలేక దాన్ని గొడ్డలితో నరికి, భయపడి పారిపోయాడట. ఊరికి కరువొచ్చింది. ఆ పాపం అందరూ పంచుకుంటేనే కరువు పోతుందని దేవవాణి చెప్పింది. అందుకని ఏటా ఒక ఎద్దును బలిచ్చి, అందరూ తిని, ఆపైన విచారణ పెట్టేవారట. గొడ్డలి నూరడానికి నీళ్లు తెచ్చినవాళ్లు నూరినవాళ్ల మీద, వాళ్లు నరికినవాడి మీద నెట్టుకుంటూ పోయి, చివరికి నేరం గొడ్డలిదేనని తేల్చి దాన్ని సముద్రంలో పడేసేవారట. బుద్ధున్న మనుషులు ఇలా ఎందుకు చేస్తారో చెప్పమంది ప్రొఫెసరమ్మ. ఎంత చదివినా నా బుర్రకెక్కలేదు. బాత్రూమ్‌లో కుళాయి తిప్పి ఏడ్చాను కూడా.

ప్రసంగానికి ముందు రోజు సాయంత్రం అన్న పప్పుకి తాలింపు పెట్టాడు. పొగ లేచింది, ఫైర్ అలారం మోగింది, బిల్డింగ్ మొత్తం మంచులోకి వచ్చి నిలబడింది. హవాయి చెప్పులతో వణుకుతున్న మా రూమ్ నలుగురి వైపే అందరి చూపులూ. ఫైరింజన్ వెళ్లాక మేనేజరమ్మ వచ్చి, ఎవరు చేశారని అడిగింది. అన్న మిరపకాయల ఘాటు మీదికి నెట్టాడు. సరుకులు తెచ్చే వరంగల్ వాడు (కారు వాడిదే కాబట్టి ఓనర్ అనేవాళ్లం) "నేను తెచ్చిన, గంతే. తుంచినోణ్ణి అడుగున్రి" అన్నాడు. మిరపకాయలు తుంచిన మూడోవాడు మూకుడు కడిగిన నన్ను చూశాడు. నేను ఏమీ తోచక, మూకుడు అడుగు మరీ పల్చన అన్నాను. ముగ్గురూ వెంటనే ఒప్పేసుకున్నారు. "ఇట్స్ ద పాన్, మేడమ్" అన్నాడు అన్న. చలికి విసిగిపోయిన ఆవిడ, అయితే దాన్ని పారేయమని చెప్పి వెళ్లిపోయింది. ఓనర్ మూకుణ్ణి బయటి చెత్త డంప్‌స్టర్‌లో పడేసి వచ్చాడు. మాడు వాసన కొట్టే ఆ పప్పు మాత్రం నలుగురం కూర్చుని తిన్నాం.

మర్నాడు కాగితాలు పక్కన పెట్టి క్లాసులో ఇదే చెప్పాను. తప్పు ఒక్కడి నెత్తినే పెడితే వాడు మళ్లీ మన మధ్య కూర్చుని తినలేడు, అందుకే గొడ్డలి కావాలి అన్నాను. ప్రొఫెసరమ్మ నవ్వలేదు. బలి అయ్యాక ఆ ఎద్దు చర్మంలో గడ్డి కూరి, బతికున్నట్టే నాగలికి కట్టేవారు కదా, మరి మీరేం చేశారని అడిగింది. పొద్దున్నే అచ్చం అలాంటి మూకుడే కొనుక్కొచ్చి స్టవ్ మీద పెట్టామన్నాను. ఏ వచ్చింది.

ఇప్పుడు మిషిగన్‌లోనే, నోవైలో మా ఇంట్లో తాలింపు పెట్టేముందు పెరటి తలుపు తీసి, మూకుణ్ణి ఒకసారి తిట్టడం నాకు అలవాటు. మొన్న మా అమ్మాయి "నాన్నా, పాన్ ఏం చేసింది?" అంటే ఈ కథంతా చెప్పాను. శ్రద్ధగా విని, "సో, అసలు ఎవరు చేశారు?" అంది. నలుగురం ఉన్నాం కదా, ఎవరూ చేయలేదు అన్నాను. అన్న ఆ చివర శాన్ రామన్‌లో ఉన్నాడు, ఓనర్ ఈ చివర ఐసెలిన్‌లో, మూడోవాడి నంబరు కూడా నా దగ్గర లేదు. మాట్లాడుతూ స్టవ్ సంగతి మరిచాను, ఆవాలు మాడిపోయాయి. అమ్మాయి నా వైపు చూసింది. నాకు నవ్వొచ్చింది గానీ, నేనూ ఇంకొకరి వైపు చూద్దామంటే పక్కన ఆ ముగ్గురిలో ఎవరూ లేరు.