మంగళవారం చొక్కా

మా ఊళ్ళో అలివి వల, అంటే పడవతో చుట్టి ఒడ్డుకు లాగే పెద్ద వల వెయ్యాలంటే ముందు కొండకొమ్ము మీద మనిషి ఉండాలి. చేపల గుంపు నీళ్ళలో నల్లగా కదలడం ఒడ్డున ఉన్నవాడికి కనపడదు. పైనున్నవాడు చూసి చొక్కా విప్పి ఊపితే, కిందివాళ్ళు పడవ తోస్తారు. టొబాగో దీవిలో మా తీరాన ఆ పని ఓస్బర్న్‌ది. అంతకుముందు వాళ్ళ నాన్నది.

కొమ్ము మీద హోటల్ లేచాక ఓస్బర్న్ అక్కడే తోటమాలిగా చేరాడు. చేరకపోతే పైకి అడుగు పెట్టనివ్వరు. ఊళ్ళోకి దిగే మేకల దారికి గోడ కట్టేశారు. మిగిలింది గేటూ, కొండంతా చుట్టి వచ్చే రోడ్డూ. పనివాళ్ళ ఫోన్లు గేటు దగ్గర పెట్టెలో ఉంటాయి, ఇంటికెళ్ళేప్పుడే ఇస్తారు. జీతం మాత్రం చేపల్లా కాదు, నెలనెలా వస్తుంది.

ఒక మధ్యాహ్నం మందారాలకు నీళ్ళు పెడుతూ గుంపును చూశాడు. తోటలో చొక్కా విప్పకూడదని రూలు. విప్పాడు. అంచుకు పరుగెత్తి ఊపాడు. కింద పడవ కదిలింది, ఊరంతా తాడు పట్టింది. ఈత కొలను పక్కన పడుకున్న అతిథులు లేచొచ్చి చప్పట్లు కొట్టారు.

ఉద్యోగం పోయిందనుకున్నాడు. మేనేజర్ లినెట్ పిలిచింది. ఆవిడా మా దీవి మనిషే.

"భలే ఉంది ఓస్బర్న్! ప్రతి మంగళవారం టీ వేళకి అలాగే ఊపాలి."

"చేపలు వారం చూసుకుని రావమ్మా."

"చేపలెవరిక్కావాలి? ఊపితే చాలు. కుదరదంటే చెప్పు, ఇంకో తోటమాలిని చూసుకుంటాం."

వద్దంటే జీతంతో పాటు కొమ్మూ పోతుంది. ఆ సాయంత్రం ఒడ్డుకెళ్ళి, మంగళవారం తానేం ఊపినా పట్టించుకోవద్దన్నాడు.

పడవ పెద్ద సిప్రియన్ ఇకిలించాడు. "అంటే వారానికోసారి అబద్ధమాడతావన్నమాట. మీ నాన్న ఏనాడైనా ఉత్తినే ఊపాడట్రా?"

"నవ్వు బాబాయ్. నా బదులు నువ్వెక్కు పైకి."

"నాకు గడ్డి కొయ్యడం రాదురా అబ్బాయ్!"

తర్వాత ఆడవాళ్ళూ అందుకున్నారు. ఓస్బర్న్ ఉండగా ఊరికి కేలెండర్ దండగన్నారు.

ఇలా కొన్ని నెలలు గడిచాక ఒక మంగళవారం, టీ కప్పులు సర్దుతుండగా అంచుకొచ్చిన ఓస్బర్న్ బొత్తాం మీద చెయ్యేసి ఆగిపోయాడు. రాళ్ళ నుంచి ఇసుక దాకా నీళ్ళు నల్లగా ఉన్నాయి. అంత గుంపు తన జన్మలో చూడలేదు. చొక్కా ఊపాడు. గొంతు చించుకుని అరిచాడు. అలల హోరులో ఆ అరుపు సగం కొండ కూడా దిగలేదు. గోడ వైపు చూశాడు, గేటు వైపు చూశాడు. రోడ్డు చుట్టి దిగేదాకా చేపలు ఆగవు.

కింద బాదంచెట్టు నీడన డామినోలాడుతున్నవాళ్ళు తలెత్తారు. సిప్రియన్ లేచి, టోపీ తీసి, తనూ ఊపాడు. మళ్ళీ కూర్చుని ముక్క వేశాడు.

"ఇవాళ ప్రాణం పెట్టి చేస్తున్నాడు" అంది ఫోన్ పట్టుకున్న ఒక అతిథి.

నలుపు మెల్లగా కొమ్ము చుట్టి లోతుకు జారుతోంది. వెనక నుంచి లినెట్, "ఇంకాసేపు ఊపు ఓస్బర్న్, వెనకవాళ్ళకి కనపడలేదట" అంది.

ఊపాడు.