ఎండ వెంట సగ్గుబియ్యం వడియాలు

ఏప్రిల్ అంటే ఎండాకాలమని నా ఒంట్లో ప్రతి కణానికీ తెలుసు. జర్మనీ వచ్చి నాలుగేళ్లయినా, ఉద్యోగస్తులకిచ్చే బ్లూ కార్డు వీసా చేతికి వచ్చినా, ఇక్కడి సంగతి వేరని ఆ కణాలకు ఎవరూ విడమరిచి చెప్పలేదు. అందుకే ఈస్టర్ సెలవులకు ఉత్తర సముద్రం ఒడ్డున వారం రోజులకు ఒక చిన్న ఇల్లు అద్దెకు తీసుకుని, "అత్తయ్యగారూ, ఇంటి ముందు ఇంతేసి అరుగు, పైన ఆకాశం, మధ్యలో అడ్డేమీ లేదు. ఎన్ని వడియాలు పెట్టుకుంటారో మీ ఇష్టం" అని, అగ్రహారం రాసిచ్చిన మహారాజులా ప్రకటించాను.

ఆ వడియాలు మామూలు వడియాలు కావు. మా ఆవిడకు అప్పుడు ఐదో నెల. ఏం తిన్నా కడుపులో నిలిచేది కాదు. పెరుగన్నంలో సగ్గుబియ్యం వడియం నంజుకుంటే మాత్రం నాలుగు ముద్దలు దిగేవి. మా అత్తగారు అమలాపురం నుంచి తెచ్చిన డబ్బా మూడు వారాల్లో ఖాళీ అయింది. ఇండియన్ షాపువి కొనుక్కొస్తే మా ఆవిడ ఒకటి కొరికి, "అట్టముక్క" అని తీర్పు చెప్పింది. డ్యూసెల్‌డార్ఫ్‌లో మా బాల్కనీలో పెడదామంటే, ఇల్లు దొరక్క మా హాల్లో మకాం వేసిన ముగ్గురు మాస్టర్స్ విద్యార్థుల సూట్‌కేసులు అక్కడ గోల్కొండ కోటలా లేచి ఉన్నాయి. అత్తగారి వీసా ఆ సెలవుల వారం చివరి ఆదివారంతో సరి. కాన్పుకు వచ్చేది మా అమ్మ. మా అమ్మకు వడియాలు పెట్టడం రాదని అత్తగారు పైకి ఎన్నడూ అనలేదు. ఆవిడ కనుబొమలు అనేవి. డబ్బా నింపకుండా విమానం ఎక్కనని మాత్రం అందరికీ వినపడేలా అన్నారు.

సోమవారం పొద్దున ఆకాశం కడిగిన పళ్లెంలా ఉంది. అత్తగారు పచ్చిమిర్చి నూరి, జీలకర్ర వేసి, జావ కాచి, అరుగు మీద ప్లాస్టిక్ షీటు పరిచి, గరిటెతో వరసలు తీర్చారు. నడుం ఎత్తి "హమ్మయ్య" అనేలోగా టపటపమని మొదలైంది. చినుకులు కావు, వడగళ్లు. అవీ మనవైపు పడే రాళ్లలాంటివి కావు. తెల్లగా, గుండ్రంగా, అచ్చం సగ్గుబియ్యం గింజల్లా ఉన్నాయి.

"అల్లుడుగారూ, ఇదేంటండీ! పైనుంచి కూడా సగ్గుబియ్యమే పడతన్నాయి!"

షీటు మీద ఏది మన గింజో, ఏది వాళ్ల గింజో తెలియలేదు. ఏడు నిమిషాల తర్వాత మళ్లీ ఎండ వచ్చింది. పై గింజలు కరిగి, మా గింజలు పులుసయ్యాయి.

మంగళవారం రెండో వాయి. ఆ రోజు వడగళ్లు లేవు, గాలి ఉంది. అది షీటును లేపి, మడిచి, పక్కింట్లో ఉండే ఇంటి యజమానురాలి కంచె మీద ఆరేసింది. ఆవిడకు డెబ్బై ఏళ్లుంటాయి. పసుపు రెయిన్‌కోటులో, జావ కారుతున్న షీటును రెండు వేళ్లతో పట్టుకుని వచ్చి, ఇదేమిటని అడిగింది.

"వంటకం. ఎండలో ఎండాలి" అన్నాను నా బి-వన్ స్థాయి జర్మన్‌లో.

"ఏప్రిల్‌లోనా?" అని ఆవిడ నన్ను పై నుంచి కింది దాకా చూసింది. ఆ చూపుకే నాలో ఒక వైపు ఎండిపోయింది.

"పోనీ ఓవెన్‌లో పెడదామా అండీ?" అంది మా ఆవిడ, సోఫాలో పడుకునే.

"ఎండ తగలంది వడియమెలా అవుద్దే?" అన్నారు అత్తగారు. ఆ మాటతో ఓవెన్ కేసు కొట్టేశారు.

బుధవారం మూడో వాయికి ముందు, చలికి తట్టుకోలేక అత్తగారు కాసేపు కారులో కూర్చున్నారు. అద్దాలన్నీ మూసి ఉన్నాయి, బయట ఎండ కాస్తోంది. రెండు నిమిషాల్లో తలుపు తీసి కేకేశారు.

"అల్లుడుగారూ! బయటేమో ఫ్రిజ్జు. ఇందులో రాజమండ్రి అండీ!"

ఆ క్షణం నుంచి మా సెలవు సెలవు కాదు, దండయాత్ర. యజమానురాలు తన నల్లటి బేకింగ్ ట్రేలు రెండు ఇచ్చింది. అంతటితో ఊరుకోక, మబ్బులు ఎప్పుడూ సముద్రం వైపు నుంచే వస్తాయనీ, వాటికంటే ముందు కారు తోలితే ఎండలోనే ఉండవచ్చనీ వేలు చూపించి చెప్పింది. మూడో వాయి వాటిలోనే పెట్టి, ఒక ట్రే వెనక అద్దం కింద, ఒక ట్రే వెనక సీట్లో అత్తగారి ఒళ్లో. పక్కసీట్లో మా ఆవిడ.

"ఎడం పక్కకి తిప్పండి, అక్కడ తెల్లగా ఉంది!"

"అది చర్చి గోడ అత్తయ్యగారూ."

"గోడ మీదున్నది ఎండే కదండీ! తిప్పండి!"

తిప్పాను. అలా మూడు రోజులు తిప్పుతూనే ఉన్నాను. దీపస్తంభం, గాలిమర, గొర్రెలు మేసే సముద్రపు కట్ట, ఓడరేవు అన్నీ చూశాం. చూశామంటే, ఒక్కో చోటా ఎండ ఉన్నంతసేపే చూశాం. ఓడరేవులో పర్యాటకులందరూ సముద్రాన్ని ఫొటో తీస్తుంటే, మేం ముగ్గురం సముద్రానికి వీపు పెట్టి, కారు అద్దంలోంచి ట్రేల వైపు చూస్తూ నిలబడ్డాం. ఒక పెద్దాయన వచ్చి, లోపల కుక్కపిల్ల ఉందా అని అడిగాడు. మంచు పడిన గంటలో మాత్రం వంతెన కింద ఆగి, అత్తగారు ట్రే మీద తన శాలువా కప్పి, తాను వణుకుతూ కూర్చున్నారు.

"అమ్మా, శాలువా నువ్వు కప్పుకో. జ్వరం వస్తే విమానం ఎలా ఎక్కుతావు?" అంది మా ఆవిడ.

"నాకేం కాదులే. దీనికి చెమ్మ తగిలితే నువ్వేం తింటావు?"

 మా ఆవిడ హీటరు గాలిని తన వైపు నుంచి వెనక్కి తిప్పింది.

శుక్రవారం మధ్యాహ్నానికి వడియాలు ట్రేల నుంచి ఊడాయి. కొన్ని గలగలమన్నాయి, కొన్ని గొణిగాయి. అత్తగారు నూనె కాచి ఒకటి వేశారు. అది ఒకవైపు మల్లెపువ్వులా విచ్చుకుని, రెండో వైపు ఆలోచనలో పడింది. మా ఆవిడ పెరుగన్నంతో అది తింది. ఇంకోటి అడిగింది. గిన్నె ఖాళీ చేసి, కాసేపు మేమిద్దరం ఊపిరి బిగబట్టి చూస్తుండగా, "ఏంటలా చూస్తారు? నిలిచింది" అంది.

అత్తగారు చెంగుతో కళ్లు ఒత్తుకుని, మిగిలినవి డబ్బాలో పోశారు. డబ్బా సగం కూడా నిండలేదు. ఆవిడ కిటికీలోంచి చూశారు. వాన మొదలవుతోంది, సముద్రానికి అవతల మాత్రం మబ్బుల్లో ఒక నీలం చీలిక.

"ఆదివారంలోగా ఇంకో వాయి పడుద్దండీ" అంటూ సగ్గుబియ్యం నానబోశారు. "అల్లుడుగారూ, కారులో పెట్రోలుందా?"