వీపు మీది జేబు

మా వదిన పెరుందేవి ఈ లోకంలో చివరగా చేసిన పని దిండు గలీబుకు జేబు కుట్టడం. ఒళ్ళు కాలిపోయే జ్వరంలో, కుట్టుమిషను మంచం పక్కకు తెప్పించుకొని మరీ కుట్టింది.

"దిండుకు జేబేంది వదినా?" అన్నాను.

"మీ అన్న కండ్లద్దాలు తీసి నా తల పక్కన పెడతాడు. తెల్లారేసరికి అవి నా చెవిలో ఉంటాయి. ఇంకమీదట ఈడ పెట్టమను."

ఆ వారంలోనే ఆమె పోయింది. అన్న కళ్ళద్దాలు ఇప్పటికీ ఆ జేబులోనే పడుకుంటున్నాయి.

వదినను ఎరిగినవాళ్ళెవరూ దిండు జేబుకు ఆశ్చర్యపోలేదు. గుడ్డ కంటబడితే జేబు పెట్టందే ఆమెకు నిద్ర పట్టేది కాదు. చొక్కాకు జేబు లోకమంతా పెడుతుంది. వదిన లంగాకు పెట్టింది, రవికకు పెట్టింది, కిటికీ తెరకు పెట్టింది. ఒకసారి మా అన్న సుదర్శనం పూజకు కట్టుకునే పట్టుపంచె దండెం మీద ఆరుతూ ఉంటే, దానివంక ఆమె చూసిన చూపుకు జడిసి, అన్న దాన్ని తడిగానే తీసి కట్టుకున్నాడు.

తిరుపతిలో మేముండేది వరుస ఇళ్ళలో ఒక ఇల్లు. ఇల్లంటే ఒక గది, ముందు కాస్త వసారా. చేత్తో తిప్పే ఆ మిషను వదిన పుట్టిల్లు నగరి నుంచి వచ్చింది. దానికి చోటు లేక బియ్యం పెట్టె మీద కాపురం పెట్టించింది. కుట్టుపని మధ్యలో బియ్యం కావలసి వస్తే అన్న ఒకవైపు, నేనొకవైపు మిషనును ఎత్తి పట్టుకోవాలి. ఆమె తీరిగ్గా మూత తీసి, బియ్యం కొలుచుకొని, పక్కింటి కల్యాణవల్లి పిలిస్తే నాలుగు మాటలు మాట్లాడి వచ్చేది. మేము ఉత్సవ విగ్రహం మోసేవాళ్ళలాగా అట్లాగే నిలబడి ఉండేవాళ్ళం.

గుడ్డ కత్తిరించాలంటే నేల కావాలి. నేల అంటే గదంతా. "కాళ్ళెత్తండి!" అని కేక వేసేది. అన్న జపంలో ఉన్నా సరే, కాళ్ళెత్తి జపం చేసుకోవలసిందే. గీతలు గీయడానికి సుద్ద కొనడం దండగని, అన్న నామం పెట్టుకునే తిరుమణి ముద్దతోనే గీసేది.

"అది దేవుడి వస్తువే, పెరుందేవీ!" అని అన్న మొత్తుకునేవాడు.

"నామం మీకొక్కరికేనా? చొక్కాకు మాత్రం మోక్షం వద్దా?"

అది యుద్ధకాలం. గుడ్డకు కంట్రోలు. కార్డు చేతపట్టుకొని ఎంతసేపు నిలబడినా దొరికేది ముతక గుడ్డ, అదీ చాలీచాలనంత. వదిన తండ్రి మాత్రం నగరి మగ్గాలవాళ్ళను బతిమాలి అప్పుడప్పుడు నీలం చారల గుడ్డ పంపేవాడు. నా చొక్కాలన్నీ ఆ గుడ్డతోనే. ప్రతి చొక్కా పొట్టిదే.

"వదినా, చెయ్యెత్తితే బొడ్డు కనబడతా ఉండాది."

"నువ్వు పెరిగినావబ్బా."

"ఇరవై ఆరేండ్లకు ఎవడన్నా పెరుగుతాడా?"

"నా చేతి అన్నం అట్లాంటిది."

తరువాతి చొక్కా ఇంకాస్త పొట్టిగా వచ్చేది. నేను ఇంకాస్త పెరిగేవాణ్ణి.

కల్యాణవల్లి భర్త యతిరాజులు, నేను ఒకే బళ్ళో పంతుళ్ళం. నా ఉద్యోగం ఖాయమైంది, అతనిది కాలేదు. ఇంటినిండా పిల్లలు, అతని ఒంటిమీద ఏళ్ళనాటి చొక్కా. మా హెడ్మాస్టరు ధనంజయగారికి మాసిక కంటబడితే ఒళ్ళు మండేది. ఒకనాడు అందరి ముందూ యతిరాజుల్ని పట్టుకొని, "అయ్యవారు అతుకుల చొక్కాతో నిలబడితే పిల్లోళ్ళు పాఠం వింటారా, అతుకులు చూస్తారా? ఇంకోసారి మాసిక కనబడిందా, నువ్వు మళ్ళా ఈ బడికి రాబల్లేదు" అన్నాడు.

ఆ సంగతి అన్నం తింటూ ఇంట్లో చెప్పాను. వదిన మజ్జిగను కంచం దాటి పోసింది.

కొద్దిరోజులకు నాకు కొత్త చొక్కా వచ్చింది. మామూలుగానే పొట్టి. ఈసారి జేబు వీపు మీద ఉంది.

"ఇదేంది వదినా, ముందరిది ఎనక్కి పోయింది?"

"గొడుగు కాలరుకు తగిలించుకుంటావు గదా? నడిస్తే కింద ఊగులాడి అందరికీ తగులుతుంది. దాని మొన ఆ జేబులో పెట్టుకో."

"జనం నవ్వుతారు."

"ఎనకుండే జనం గదా, నీకేం కనబడతారు?"

మిగతా చొక్కాలు చాకింటికి పోయాయి. గత్యంతరం లేక అదే వేసుకొని, గోడకు వీపు ఆనించి నడుస్తూ బడికి పోయాను. తీరా చూస్తే యతిరాజులు వీపు మీద కూడా జేబు! వదిన పిచ్చి గోడ దాటిందనుకున్నాను.

ప్రార్థన కాగానే ధనంజయగారు యతిరాజుల్ని ఆపాడు. "ఏమయ్యా, ఏమిది?"

యతిరాజులు ముఖాన నెత్తురు లేదు. అతని అవస్థ చూడలేక నేను గిర్రున వెనక్కి తిరిగి నా వీపు చూపించాను.

"గొడుగు జేబు సార్. మా వరుసలో అందరూ ఇట్లే కుట్టించుకుంటా ఉండారు."

ధనంజయగారు తన గొడుగు తెచ్చి, దాని కొంకి నా కాలరుకు తగిలించి, మొన జేబులో దూర్చి, నన్ను వరండాలో అటూ ఇటూ నడిపించాడు. గొడుగు ఊగలేదు.

"ఎవరు కుడతారప్పా ఇది?" అన్నాడు.

ఆ ఆదివారమే తన చొక్కా చంకన పెట్టుకొని మా ఇంటికి వచ్చాడు. ఆ వానాకాలం మా బడి పంతుళ్ళందరూ వీపున గొడుగులు నిలబెట్టుకొని, అంబులపొదులు తగిలించుకున్న యోధుల్లాగా తిరిగారు. యతిరాజులు ఒక్కడే గొడుగు చేత్తో పట్టుకునేవాడు. పాపం, బిడియస్థుడు అనుకున్నాం. మాసిక మాట మళ్ళీ రాలేదు. ఆ ఏడు చివర అతని ఉద్యోగం ఖాయమైంది.

వదిన కర్మలన్నీ అయ్యాక, మొన్న కల్యాణవల్లి యతిరాజులు ఆనాటి చొక్కా తీసుకొని మా వసారాలోకి వచ్చింది.

"అక్క గుర్తుకని దాచుకున్నా. దీని జేబులో చెయ్యి పెట్టన్నా."

పెట్టాను. చెయ్యి లోపలికి పోయి, చొక్కా అవతల బయటికి వచ్చింది. జేబు వెనక గుడ్డ లేదు. అరచేయంత చిరుగు.

"మా ఇంట్లో జేబులన్నీ ఇట్లాంటివే" అని ఆమె కళ్ళు తుడుచుకుంటూనే నవ్వింది. "నేను సిగ్గుపడితే అక్క ఏమనేదో తెలుసునా? 'నీ మొగుడికొక్కడికే కుడితే అది మాసిక. వరుసకంతా కుడితే అది ఫ్యాషను. ఊరుకోమ్మే' అనేది."

నేను లోపలికి పోయి నా చొక్కా తీశాను. వీపు జేబులో చెయ్యి పెట్టాను. వేళ్ళు గుడ్డకు తగిలి ఆగిపోయాయి. చిన్న చిరుగైనా లేదు.

అప్పుడు కనబడింది, యతిరాజులు జేబు కూడా నీలం చారలదేనని. దాన్ని తెచ్చి నా చొక్కా కింది అంచుకు ఆనించి చూశాను. చారకు చార కలిసింది. ఆ జేబంత పొడుగు చేరేసరికి నా చొక్కా నాకు సరిపోయింది.

ఇరవై ఆరేళ్ళ వయసు తరువాత నేను ఒక్క అంగుళం కూడా పెరగలేదు.