గోళీల బాబూరావు

ములకలపల్లిలో లైన్‌మన్‌గా రిటైరైన బాబూరావు పాత గాజు గోళీని ముందు చూడడు, తడుముతాడు. బొటనవేలి కింద మెల్లగా దొర్లిస్తాడు. గాజు కడ్డీ నుంచి తెంచిన రెండు కొసల్లోనూ గరుకు తగిలితే అది చేత్తో చేసిన పాతకాలపు సరుకు. నున్నగా జారిపోతే మిషన్‌ది. ఆ తర్వాతే తడిగుడ్డతో తుడిచి, ఎండకెత్తి, భూతద్దంలోంచి చూస్తాడు. తల్లాడ నుంచి కూడా జనం వచ్చి ధర చెప్పించుకుంటారు. ముప్పై ఏళ్లుగా ఏరి తెచ్చుకున్న గోళీలు ఆయన అల్మారా నిండా ఉన్నాయి. అయినా ఇంకొకరి చేతిలో మంచిది కనిపిస్తే ఆ పూట ఆయనకు అన్నం సయించదు.

మొన్న సంతరోజు, ఇప్పపువ్వు అమ్మే కన్నమ్మ వచ్చి ఒక గోళీ ఆయన చేతిలో పెట్టింది. "మా అమ్మ దాసుకున్నది సారూ. ఖరీదైందైతే అమ్ముదామని మా కొడుకులంటున్నరు. జర చూడుండ్రి."

బొటనవేలికి రెండు వైపులా గరుకు తగిలింది. ఎండకెత్తితే లోపల తెల్లటి దారాల మెలిక, దాని చుట్టూ అభ్రకం తళుకులు. అలాంటిది ఆయన దగ్గర ఒక్కటీ లేదు. అడవిలో పువ్వు ఏరుకునే మనిషికి మాత్రం ఉంది! ఆయన గోళీని పిడికిట్లో బిగించాడు.

"సోడా బుడ్డిలోది. దేనికీ పనికిరాదు," అన్నాడు.

కన్నమ్మ మొహం వెలిగిపోయింది. "బతికిచ్చిండ్రు సారూ! ఇగ దీన్ని ఎవ్వలూ అమ్ముమనరు. నా కాడ్నే ఉంటది."

"పోనీ, నాకియ్యి. ఊరికే వద్దులే, పైసలిస్త," అన్నాడు బాబూరావు, గోళీని వదలకుండానే.

"అయ్యో, పనికిరానిదానికి మీ కాడ పైసలెట్ల తీసుకుంట?" అంటూ ఆమె ఆయన వేళ్లు ఒక్కొక్కటే విప్పి గోళీని తీసుకుంది.