బతికున్న మనిషి కుర్చీలో పువ్వు

1982. మిషిగన్‌లో నోవై అనే ఊరు. ఇప్పుడు ఆ పేరు చెబితే మనవాళ్ళలో తెలియనివారు లేరు గానీ, అప్పట్లో అక్కడ పొలాలు, రోడ్డు పక్కన నాలుగైదు దుకాణాల వరసలు, ఆరు నెలలు మంచు, అంతే. అలాంటి ఒక వరసలో, పోస్టాఫీసు పక్కన, నా ఫోటో స్టూడియో. పేరు ఓక్ ఫోటో. లోపల దేవసహాయం అనే గుంటూరువాడు ఉంటాడని బోర్డు చూసినవాళ్ళు ఎవరూ అనుకోకూడదనే ఆ పేరు పెట్టాను.

అంతకు ముందు నేను కార్ల కంపెనీలో డిజైన్ ఇంజనీరుని. టై కట్టుకుని వెళ్ళేవాణ్ణి. డెట్రాయిట్‌లో కార్లు అమ్ముడుపోవడం మానేసినప్పుడు మా డిపార్ట్‌మెంటునంతా లేఆఫ్ చేశారు. మళ్ళీ పిలుస్తామన్నారు, పిలవలేదు. ఫోటోలు తీయడం కాలేజీ రోజుల నుంచీ నాకున్న పిచ్చి. ఆ పిచ్చే చివరికి అన్నం పెట్టింది. నిజం చెప్పాలంటే అన్నం పెట్టింది మా ఆవిడ సుగుణ. ఆవిడ హాస్పిటల్‌లో నర్సు. నా స్టూడియో తన అద్దె తాను కట్టుకుని, ఏమైనా మిగిలితే కూరలకి ఇచ్చేది.

అది నాకు పెద్ద నామోషీ. మా తెలుగు చర్చిలో ఎవరైనా ఏం చేస్తున్నావయ్యా అంటే "కన్సల్టింగ్" అనేవాణ్ణి. ఏం కన్సల్టింగ్ అని ఎవరూ అడగలేదు. అందరినీ బోల్తా కొట్టించానని లోలోపల మురిసిపోయేవాణ్ణి కూడా. మనవాళ్ళ పెళ్ళిళ్ళకీ పుట్టినరోజులకీ చేతులు ఊపుకుంటూ అతిథిలా వెళ్ళేవాణ్ణి. ఆ ఏడాది మా చర్చి పెద్ద డాక్టర్ రత్నంగారి మనవరాలి బాప్తిస్మానికి ఎవడో కుర్రవాణ్ణి పిలిచారు. వాడు ఫ్లాష్‌ని తిన్నగా పాప మొహం మీదికే పెట్టి కొడుతున్నాడు. "బాబూ, దాన్ని గోడకేసి తిప్పు" అని నాలుక చివరిదాకా వచ్చింది. అంటే నీకెలా తెలుసంటారని నోరు మూసుకుని కేకు తిన్నాను.

నా పనంతా ఫిలిప్పీన్స్ వాళ్ళతోనే. సుగుణ వార్డులో సగంమంది నర్సులు వాళ్ళే. అందులో చాలామంది వాళ్ళ దేశంలో ఒకే యూనివర్సిటీ నర్సింగ్ కాలేజీలో చదివినవారు. ఇక్కడ పూర్వ విద్యార్థుల సంఘం పెట్టుకున్నారు. ఆ సంఘాన్ని చూసి నాకు అసూయ కలిగేది. వేసవిలో పార్కులో పిక్నిక్, క్రిస్మస్‌కి పాటలు, కొత్త కార్యవర్గం కొవ్వొత్తి పట్టుకుని ప్రమాణం చేయడం, కాలేజీకి మందులూ పుస్తకాలూ పెట్టెలకెత్తి ఓడలో పంపడం. ఇవన్నీ వాళ్ళ న్యూస్‌లెటర్‌లో ఫోటోలతో సహా వచ్చేవి. తీసేది నేను. నా పేరు మాత్రం వేయొద్దనేవాణ్ణి. ఎక్స్‌ట్రా కాపీలు కావలసినవాళ్ళ కోసం స్టూడియో అడ్రసు వేస్తే చాలన్నాను. సంఘం ప్రెసిడెంటు పేరు అరోరా. మన పంజాబీవాళ్ళ ఇంటిపేరు కాదు, వాళ్ళలో ఆడవాళ్ళ పేరు. గట్టిగా నవ్వే మనిషి, "మీరేమైనా పోలీసులకి కనపడకుండా తిరుగుతున్నారా?" అని ఆట పట్టించింది.

వాళ్ళకొక ఆచారం ఉంది. పాసై పాతికేళ్ళయిన బ్యాచ్‌ని వార్షిక విందులో సన్మానిస్తారు. వాళ్ళంతా సీతాకోకచిలుక రెక్కల్లాంటి చేతులున్న గౌన్లు వేసుకుని, కాలేజీ వదిలిన రోజు తీయించుకున్న గ్రూప్ ఫోటోలో ఎవరు ఎక్కడ ఉన్నారో సరిగ్గా అక్కడే మళ్ళీ కూర్చుని, నిలబడి, ఇంకో ఫోటో తీయించుకోవాలి. పోయినవాళ్ళ చోటు ఖాళీగా ఉంచి అక్కడొక తెల్ల పువ్వు పెడతారు. ఆ ఏడు అరోరా బ్యాచ్ వంతు. ముందు వరసలో ఒక కుర్చీలో పువ్వు పెట్టారు. వెనక నిలబడ్డ అరోరా ఆ కుర్చీ వీపు మీద చెయ్యి వేసింది. నేను లైట్లు సరిచూసుకుని నొక్కేశాను. ఎవరి కుర్చీ అని అడగలేదు.

న్యూస్‌లెటర్ వచ్చిన తర్వాత ఒక మధ్యాహ్నం ఒకావిడ స్టూడియోకి వచ్చింది. పొట్టి మనిషి, పెద్ద కోటు, దాని కింద లేత నీలం యూనిఫాం. చేతిలో న్యూస్‌లెటర్. గ్రూప్ ఫోటో ఉన్న పేజీ తెరిచి నా ముందు పెట్టి, పువ్వు మీద వేలు పెట్టింది.

"ఇది నేనే" అంది. "నా పేరు లూర్దెస్."

ఇలాంటప్పుడు ఏమనాలో నాకేం తెలుసు? కూర్చోమని కాఫీ ఇచ్చాను. ఆవిడ ఉండేది మా ఊరికి అరగంట దూరంలో పాంటియాక్‌లో. అక్కడ ముసలివాళ్ళుండే ఒక నర్సింగ్ హోమ్‌లో ఎయిడ్, అంటే పక్కలు మార్చడం, ఒళ్ళు తుడవడం, అన్నం తినిపించడం. వాళ్ళ దేశంలో ఒక ఆస్పత్రిలో హెడ్ నర్సుగా చేసి వచ్చింది. ఇక్కడ నర్సుగా పనిచేయాలంటే రాష్ట్రం పెట్టే లైసెన్సు పరీక్ష పాసవ్వాలి. తప్పింది. మళ్ళీ తప్పింది. తర్వాత రాయడం మానేసింది. స్నేహితులకి మొహం చూపించలేక ఇల్లు మారింది, అడ్రసు ఇవ్వలేదు. సంఘంవాళ్ళు రాసిన ఉత్తరాలు తిరిగి వెళ్ళిపోయాయి. పోయిందట అని ఎవరో అన్నారు. ఆ మాట అలాగే నిలబడిపోయింది. నర్సింగ్ హోమ్‌లో పనిచేసే ఒకమ్మాయి టీ గదిలో ఈ న్యూస్‌లెటర్ వదిలేసి వెళితే ఆవిడ చూసింది.

ఆవిడ అక్క ఆ కాలేజీలోనే పాఠాలు చెబుతోంది. న్యూస్‌లెటర్ అక్కడికీ వెళుతుంది, నోటీసు బోర్డుకి అంటిస్తారు. అందుకని పువ్వు తీసేసి ఆ కుర్చీలో తనని కూర్చోబెట్టి ఒక్క ఫోటో చేసివ్వమంది, అక్కకి పంపడానికి. పువ్వున్నది తను ఆలస్యంగా వెళ్ళకముందు తీసిందని రాస్తుందట. బతికే ఉన్నానని ఉత్తరం రాస్తే సరిపోతుంది కదా అన్నాను.

"ఉత్తరాలు రాస్తూనే ఉన్నాను. బతికుండి, ఇంత దగ్గర ఉండి, విందుకి ఎందుకు వెళ్ళలేదని అడుగుతుంది. దానికేం రాయను?" అంది.

నేను చప్పున ఒప్పేసుకున్నాను. జాలితో అనుకుంటే పొరపాటు. ఆ మనిషి నాకు బాగా అర్థమైంది. అర్థమైందని ఒప్పుకోవడం ఇష్టంలేక పనిలో దూరాను.

అలా చేసే ఫోటోని కాంపోజిట్ అంటారు. రెండు ఫోటోలని ఒకటిగా అతికించడం. ఆవిడని స్టూడియోలో అదే ఎత్తు కుర్చీలో కూర్చోబెట్టి, విందులో వెలుగు ఎటు నుంచి పడిందో అటు నుంచే లైటు పెట్టి తీయాలి. ఆ ఫోటోని గ్రూప్ ఫోటో కొలతకి ప్రింట్ చేసి, మనిషి ఆకారాన్ని బ్లేడుతో కోసి, అంచుల్ని వెనకవైపు నుంచి ఉప్పుకాగితంతో అరగదీసి పల్చగా చేసి అతికించాలి. అతుకు కనపడకుండా సన్న కుంచెతో రంగు అద్దాలి. అప్పుడు మొత్తాన్నీ మళ్ళీ ఫోటో తీయాలి.

గౌను ఎవరినో అడిగి తెచ్చుకుంది. భుజాల దగ్గర వదులు, వెనకనుంచి పిన్నులు పెట్టాను. పక్కన స్నేహితులున్నట్టు అనుకుని కొంచెం నవ్వమన్నాను. నవ్వబోయింది, రాలేదు. ఇంకోసారి ప్రయత్నించి, "మీరు తీసేయండి, ఇంతకంటే రాదు" అంది.

మూడు రోజులు ఫోటోలు కడిగే డార్క్‌రూమ్‌లోనే ఉన్నాను. అరోరా వేళ్ళు కుర్చీ మీద ఉన్నాయి కదా, వాటి చుట్టూ కోయడానికే ఒక పూట పట్టింది. నీడ కూడా పక్కవాళ్ళ నీడలకి సరిపోయేలా కొలిచి వేశాను. ఇంజనీరుని మరి! ప్రింట్ ఆరాక చూసుకుంటే నాకే అతుకు ఎక్కడుందో తెలియలేదు. కంపెనీవాళ్ళు నన్నెందుకు తీసేశారో అనుకుంటూ విర్రవీగాను.

లూర్దెస్ వచ్చి ఆ ప్రింట్‌ని వెలుగులోకి తీసుకెళ్ళి చూసింది. చాలాసేపు చూసింది. మెచ్చుకుంటుందని పక్కన నిలబడ్డాను.

"బాగా చేశారు. ఎవరూ కనిపెట్టలేరు" అంది. కోటు జేబులోంచి ఒక పాత ఫోటో తీసి దాని పక్కన పెట్టింది. పాతికేళ్ళ కిందటి గ్రూప్ ఫోటో. తెల్ల టోపీలు పెట్టుకున్న అమ్మాయిలు. అదే కుర్చీలో లూర్దెస్, వెనకాల అరోరా. అరోరా చెయ్యి లూర్దెస్ భుజం మీద ఉంది.

"ఇందులో అరోరా చెయ్యి కుర్చీ మీద ఉంది" అంది. "నా మీద లేదు. మా అక్క మొదట చూసేది అదే."

నాకు తల కొట్టేసినట్టయింది. ఆ వేళ్ళ చుట్టూ అంతసేపు బ్లేడు తిప్పినవాణ్ణి, ఆ చెయ్యి ఎందుకు అక్కడ ఉందో ఒక్కసారి ఆలోచించలేదు. నేను చూసింది వేళ్ళ అంచుల్ని. ఈసారి భుజం మీదికి జరిపి అతికిస్తానని ఇంకో తెలివితక్కువ మాట అనబోయాను గానీ ఆవిడ మొహం చూసి ఊరుకున్నాను.

కాసేపటికి ఫోన్ ఉందా అని అడిగింది. అరోరా నంబరు నా దగ్గర ఉంది కదా అంది. తిప్పి ఇచ్చాను. వాళ్ళ భాషలో నాలుగు మాటలు మాట్లాడింది. అటువైపు నుంచి ఏమీ వినపడలేదు, ఆ గట్టి నవ్వుల మనిషి దగ్గర్నుంచి.

అరోరా డ్యూటీ మధ్యలో, నర్సు యూనిఫాం మీదే, మంచులో డ్రైవ్ చేసుకుని వచ్చేసింది. తలుపు దగ్గరే ఆగిపోయింది. దగ్గరికి రావడానికి సిగ్గుపడింది.

"ఉత్తరాలు తిరిగొస్తే ఇంకొంచెం వెతికి ఉండాల్సింది" అంది, నేనున్నాను కాబట్టో ఏమో ఇంగ్లీషులోనే. "పోయావంటే ఏడ్చి ఊరుకున్నాను. బతికున్నదాని కుర్చీలో పువ్వు పెట్టాను. నా చేత్తోనే పెట్టాను."

"నేను దొరక్కుండా ఉండాలనే కదా ఇల్లు మారాను" అంది లూర్దెస్. ఆ తర్వాత ఇద్దరూ వాళ్ళ భాషలోకి వెళ్ళిపోయారు. నేను డార్క్‌రూమ్‌లోకి వెళ్ళి తలుపేసుకున్నాను. అక్కడ చేయడానికి పనేమీ లేదు.

క్రిస్మస్ పార్టీలో ఆ బ్యాచ్‌వాళ్ళు అందరూ మళ్ళీ గౌన్లు వేసుకుని వచ్చారు. ఒక్కొక్కరే వచ్చి లూర్దెస్‌ని పట్టుకుని ఏడవడంతో మేకప్‌లన్నీ మళ్ళీ వేసుకోవలసి వచ్చింది. గ్రూప్ ఫోటో తీయబోతుంటే అరోరా న్యూస్‌లెటర్ కోసం కింద రాయాల్సిన వివరాలు చదివింది. పేరు, పనిచేసే ఆస్పత్రి, హోదా. లూర్దెస్ దగ్గరికొచ్చేసరికి పేరు మాత్రం చదివి తర్వాతి మనిషికి వెళ్ళిపోయింది. మంచితనంతోనే చేసింది.

"నాది కూడా రాయి" అంది లూర్దెస్ కుర్చీలోంచే. "నర్సెస్ ఎయిడ్, పాంటియాక్. అక్క చదవాలి."

అరోరా రాసింది. రాసి, తన చోటుకి వెళ్ళి, లూర్దెస్ భుజం మీద చెయ్యి వేసింది. నేను ఫోటో తీశాను. ఆవిడ అందులోనూ పెద్దగా నవ్వలేదు. కానీ అది ఆవిడ మొహం.

కెమెరా సర్దుకుంటుంటే లూర్దెస్ నా దగ్గరికొచ్చింది. న్యూస్‌లెటర్‌లో ఫోటో తీసినవాళ్ళ పేరు ఎప్పుడూ ఉండదేమని అడిగింది. అబద్ధం ఆడదామంటే ఆ మనిషి ముందు నోరు రాలేదు. మావాళ్ళకి తెలియకూడదని చెప్పాను. ఆవిడ దెప్పలేదు. అలా చూస్తూ నిలబడింది, అంతే. నేనే అరోరాని పిలిచి నా పేరు పూర్తిగా రాసుకోమన్నాను.

ఆ న్యూస్‌లెటర్ హాస్పిటళ్ళన్నీ తిరిగి రత్నంగారి బల్ల మీదికీ వచ్చిందని సుగుణ చెప్పింది. ఆదివారం ప్రార్థన అయ్యాక ఆయన పార్కింగ్‌లో నన్ను ఆపారు. రాత్రంతా ఈ క్షణాన్ని తలుచుకునే బిక్కచచ్చి ఉన్నాను. కన్సల్టింగ్ కథ అంతా విప్పి చెప్పబోయాను.

"తెలుసులేవయ్యా" అన్నారాయన. "మీ పక్క పోస్టాఫీసుకి వారం వారం వస్తాను. కిటికీలోంచి కనపడుతూనే ఉంటావు. అందరికీ తెలుసు. నువ్వు చెప్పేదాకా ఎవరూ అడగొద్దంది మా ఆవిడ. నొచ్చుకుంటావని."

ఏం కన్సల్టింగ్ అని ఎవరూ ఎందుకు అడగలేదో అప్పుడర్థమైంది. నేను బోల్తా కొట్టించింది ఎవరినీ కాదు. నన్ను తప్పించుకుని నడవడం నేర్చుకున్నారు పాపం, ఖాళీ కుర్చీని తప్పించుకుని నడిచినట్టు. మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియక కారు తాళాలు చూసుకుంటూ నిలబడ్డాను.

రత్నంగారు కారులోంచి ఒక ఆల్బమ్ తీశారు. మనవరాలి బాప్తిస్మం ఫోటోలు. "ముందు నిన్నే పిలుద్దామనుకున్నాం. పిలిస్తే నీ గుట్టు బయటపడుతుందని ఆ కుర్రాణ్ణి పెట్టాం. వీటిని ఏమైనా బాగుచేయగలవా చూడు" అన్నారు.

ఒక్కొక్కటే తిప్పాను. పాస్టర్‌గారి చెయ్యి ఉంది, నీళ్ళు ఉన్నాయి, తల్లి కొంగు ఉంది. పాప మొహం ఉండాల్సిన చోట ఫ్లాష్ దెబ్బకి తెల్లటి మరక. ఏ ఒక్కదాంట్లోనూ కళ్ళూ ముక్కూ లేవు. అక్కడ లేనిదాన్ని ఏ డార్క్‌రూమూ తేలేదు. లూర్దెస్ ఫోటో మళ్ళీ తీయగలిగాను, కుర్చీ ఉంది, మనిషి ఉంది. ఈ పాప బాప్తిస్మం రోజు నేను ఆ గదిలోనే ఉన్నాను, కేకు తింటూ.

"లేదండీ, కుదరదు" అన్నాను రత్నంగారితో. ఆయన ఫర్వాలేదన్నట్టు నా భుజం మీద చెయ్యి వేశారు.