యీ మోన్ సొంత గొంతు

యీ మోన్‌కి చిన్నప్పటినుంచీ ఒక్కటే మంచిపేరు: చెప్పినమాట వినే పిల్ల. ఆ పేరుతోనే బర్మాలో మోన్యువా పక్క పల్లెలో బడిపంతులమ్మ అయింది. ఆ పేరుతోనే స్కాలర్‌షిప్ సంపాదించి, థాయ్‌లాండ్ వచ్చి, చియాంగ్ మాయిలో ఇంగ్లీషులో ఎమ్మే చదవడానికి చేరింది. తీరా చేరాక ఆ మంచిపేరే మెడకి గుదిబండైంది.

పల్లెపిల్లల ఇంగ్లీషు చదువు మీద ఆమె రాసే థీసిస్‌కి గైడు ఆచాన్ సుపత్ర; ఆచాన్ అంటే థాయ్‌లో పంతులమ్మ. ఇంగ్లండులో చదివొచ్చిన మనిషి. 'సొంత గొంతు' అనే మాట అక్కణ్ణించే పట్టుకొచ్చింది. ఆచాన్ ఆ మాట అన్నప్పుడల్లా క్లాసు క్లాసంతా తల వంచుకుని బుద్ధిగా రాసుకునేది.

"ఈయన ఇలా అన్నారు, ఆవిడ అలా అన్నారు. నీ చాప్టర్లో అందరూ ఉన్నారు. నువ్వెక్కడమ్మా?" అంది ఆచాన్ ఓ రోజు.

"నేనేమంటాను ఆచాన్? వాళ్ళంతా పెద్దవాళ్ళు."

"ఆ పెద్దవాళ్ళు ఎక్కడ పొరబడ్డారో చెప్పు. అదే నీ గొంతు. నెలాఖరుకి అది వినపడకపోతే కమిటీ స్కాలర్‌షిప్ ఆపేస్తుంది. తర్వాత నన్నని లాభం లేదు."

పుస్తకాలు రాసిన దొరల్ని తప్పుపట్టడం యీ మోన్‌కి పెద్ద కష్టం కాలేదు. ముఖం ఎరగని మనుషులు, రేపు సంతలో ఎదురుపడేది లేదు. నలుగుర్ని వరసబెట్టి ఏకేసింది. ఆచాన్ ఆ పేజీల్ని పక్కకి తోసేసింది.

"మీ పల్లెపిల్లల ఇంగ్లీషు చదువు మీద ఉన్నది ఒకే ఒక్క వ్యాసం. దాన్ని మాత్రం నెత్తిన పెట్టుకున్నావు. ఎందుకని?"

ఎందుకంటే అది రాసింది ఊ పే ల్విన్ మాస్టారు. ఆమెకి అక్షరాలు దిద్దించినవాడు. నాన్న పోయి, అమ్మ బడి మాన్పిస్తానంటే, గుమ్మంలో కూర్చుని ఒప్పించేదాకా కదలనివాడు. వాళ్ళ ఊళ్ళో బుద్ధుడికీ, అమ్మానాన్నలకీ, గురువుకీ పెట్టే దణ్ణం ఒక్కటే. అలాంటివాణ్ణి తప్పుపట్టడం అంటే తిన్నింటి వాసాలు లెక్కపెట్టడమే కదా.

పల్లెపిల్లలు ఇంగ్లీషు చక్కగా చదువుతున్నారని మాస్టారు ఆ వ్యాసంలో తేల్చారు. అందరిలోకీ బాగా చదివిందని మెచ్చుకున్నది పదకొండేళ్ళ యీ మోన్‌నే. ఆ రోజు ఆమె పుస్తకంలో తెరిచింది ఒక పాఠం, గడగడా అప్పజెప్పింది ఇంకో పాఠం. రెండింట్లో ఏదీ ఆమెకి అర్థం కాలేదు. ఆ సంగతి ఈ లోకంలో ఆమెకొక్కదానికే తెలుసు.

"అదే రాసెయ్యి," అంది ఆమెతో గదిలో ఉండే కంబోడియా పిల్ల సొఫీప్, ఆ రాత్రి సంగతంతా విని.

"మాస్టారు ఇంగ్లీషు చదువుతారే తల్లీ. చూస్తే నేను ఏ మొహం పెట్టుకుని ఊరెళ్ళను?"

"రాయకపోతే ఫెయిలైన మొహం పెట్టుకుని వెళ్ళు. ఏదో ఒక మొహం ఎలాగూ తప్పదు."

యీ మోన్ రాసింది. 'పూజ్య గురువుగారికి బహుశా తీరిక చాలక, పిల్లలకు అర్థమైందో లేదో అడిగే వీలు కలగలేదేమో' అని రాసింది. ఆ మాత్రానికే మాస్టారికి వీడియో కాల్ చేసి, ఫోన్‌ని రైస్ కుక్కర్‌కి ఆనించి, మోకాళ్ళ మీద కూర్చుని నేలకి నుదురు తాకించి మూడుసార్లు మొక్కింది. సొఫీప్ నోటికి దిండు అడ్డం పెట్టుకుని నవ్వింది.

"ఏం తప్పు చేశావమ్మా?" అన్నారు మాస్టారు.

"ఇంకా చెయ్యలేదు మాస్టారూ. చెయ్యబోతున్నాను."

"సరే, పంపించు. చూద్దాం."

జవాబు వచ్చేదాకా ఆమెకి ముద్ద దిగలేదు. తీరా వచ్చింది చూస్తే, మాస్టారు ఆమె రాసింది మొత్తం కొట్టేసి ఆ చోట తనే ఇంగ్లీషులో ఒక పేరా రాసి పంపారు. 'ఆ పిల్లలు చదవలేదు. ఈ పరిశోధకుడు ఏది వినాలనుకున్నాడో అది అప్పజెప్పారు. చెవికి ఇంపుగా ఉంది కనక దాన్నే చదువన్నాడు. అర్థమైందా అని అడగడానికి అతనికి తీరిక లేక కాదు, ధైర్యం లేక అడగలేదు.' కింద బర్మీస్‌లో ఇంకో ముక్క: 'తిట్టదలుచుకుంటే సరిగ్గా తిట్టమ్మా. నీ ఇంగ్లీషు ఇంకా బాగుపడాలి.'

యీ మోన్ వెక్కివెక్కి ఏడ్చింది. గురువు దిద్దినదాన్ని మళ్ళీ దిద్దే అలవాటు ఆమెకి లేదు. అక్షరం పొల్లుపోకుండా చాప్టర్లోకి ఎక్కించేసింది.

ఆచాన్ సుపత్ర ఆ పేరా దగ్గర ఆగి, పైకి చదివి, మళ్ళీ చదివింది. "ఇదీ నీ గొంతంటే. ఇన్నాళ్ళూ ఎక్కడ దాచావమ్మా? కమిటీకి ఇదే చూపిస్తాను. ఇంక నీ స్కాలర్‌షిప్‌కి ఢోకా లేదు."

చేతులు జోడించి దణ్ణం పెట్టి బయటికొచ్చేస్తే సరిపోయేది. కానీ తన వ్యాసాన్ని తన చేత్తోనే చింపుకున్న పెద్దమనిషి కళ్ళముందు మెదిలాడు. ఆ మాటలకి కూడా తన పేరు పెట్టుకోవడానికి యీ మోన్‌కి మనసొప్పలేదు.

"అది నేను రాసింది కాదు ఆచాన్. మా మాస్టారు రాశారు."

"ఏ మాస్టారు?"

"అందులో తిట్లు తిన్న మాస్టారే."

"ఎవరు దిద్దితే ఏముంది. ఇన్నేళ్ళుగా పాఠాలు చెప్తున్నాను, ఎవరి గొంతు ఏదో నాకు తెలీదా? ఇది నీదే."

"కాదు ఆచాన్. మీరు పొరబడ్డారు."

ఆచాన్ ముఖం జేవురించింది. కాగితాలు పక్కకి జరిపి, "పెద్దవాళ్ళకి ఎదురు చెప్పడం ఎక్కడ నేర్చుకున్నావు?" అంది.

"మీ దగ్గరే ఆచాన్," అంది యీ మోన్, చేతులు కట్టుకుని.